లేని పదహారు పేజీలు

ఆ పుస్తకం నాకు బ్రాస్ బసాలో, పాత పుస్తకాల కొట్టులో దొరికింది. వెతుక్కుంటూ వెళ్ళి సాధించింది కాదు. మా అమ్మాయి లెక్కల గైడు కోసం వెళ్ళాను. వాన పట్టుకుంది. గొడుగు ఆఫీసులో మర్చిపోయాను. కాళ్ళు పీకుతున్నా కూర్చోడానికి స్టూలు లేక అరల మధ్య తిరుగుతూ ఉండిపోయాను. కింది అరలో ఆకుపచ్చ గుడ్డ అట్ట ఒకటి కనిపించింది. వెన్ను మీది బంగారు అక్షరాలు సగం రాలిపోయాయి, రెండవ సంపుటం అన్నది మాత్రం చదవగలిగాను. మొదటిదీ లేదు, మూడోదీ లేదు. లోపల ఇక్కడి ఏదో పాత క్లబ్బు లైబ్రరీ ముద్ర ఉంది. రచయిత్రి పేరు ఉండాల్సిన చోట శ్రీమతి అనీ, దాని పక్కన మొగుడి పేరూ ఉన్నాయి. ఆవిడ సొంత పేరేమిటో తెలుసుకోడానికి నాకు తర్వాత ఏడాది పట్టింది.

"వన్ బుక్ ఓన్లీ. నో బిగినింగ్, నో ఎండింగ్. చీప్ చీప్ గివ్ యూ లా," అన్నాడు కొట్టు పెద్దాయన.

మొదలూ చివరా లేని పుస్తకం నాకు తగినదే అనిపించి కొన్నాను. గైడు కొనడం మర్చిపోయాను. అందుకు ఇంట్లో పడిన చీవాట్లు ఇంకా గుర్తున్నాయి.

నేను సైన్స్ పార్క్‌లో ఒక ఆఫీసులో పని చేస్తాను. ల్యాబుల్లో వాడే మిషన్లకు వాడకం పుస్తకాలు రాయడం నా పని. మూత సరిగ్గా పడిందో లేదో చూసుకోండి, తడి చేతులతో ముట్టుకోకండి, ఎర్ర లైటు వెలిగితే ఆపేయండి. పందొమ్మిదేళ్ళుగా ఇవే వాక్యాలు. వీటిని ఎవరైనా చదువుతారన్న నమ్మకం నాకు ఎప్పుడో పోయింది. మిషన్ ఆగిపోతే జనం ఫోన్ చేస్తారు తప్ప పుస్తకం తియ్యరు. ఇంటి నుంచి ఆఫీసుకు మూడు రైళ్ళు. చోవా చూ కాంగ్‌లో ఎక్కి, జురాంగ్ ఈస్ట్‌లో మారి, బోనా విస్తాలో మళ్ళీ మారాలి. సీటు దొరికితే చదువుకుంటాను, దొరక్కపోతే కడ్డీ పట్టుకుని కళ్ళు మూసుకుంటాను. ఆ రెండవ సంపుటం అలాగే, ఆ రైళ్ళలోనే పూర్తి చేశాను.

ఒకప్పుడు నాకు ఇంగ్లీషు సాహిత్యంలో పరిశోధన చేయాలని ఉండేది. విక్టోరియా కాలపు నవలల మీద రిజిస్టర్ కూడా చేయించుకున్నాను. పెద్ద పెద్ద పేర్ల మీద అందరూ రాసేశారు, ఎవరికీ తెలియని ఆవిణ్ణెవరినైనా పట్టుకో అన్నారు మా గైడు మాస్టారు. నేను పట్టుకునేలోపు పెళ్ళయింది, దేశం దాటి ఇక్కడికి వచ్చాం, పిల్ల పుట్టింది. నలభై ఆరేళ్ళ వయసులో, ఎవరికీ తెలియని ఆవిడ తనంతట తానే దొరికితే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పరిశోధనకు ఓపిక లేదు. తెలుగులోకి అనువాదమైతే చేయొచ్చనుకున్నాను. రైల్లో చదివి, మధ్యాహ్నం హాకర్ సెంటర్లో టిష్యూ పాకెట్టు పెట్టి చోప్ చేసుకున్న, అంటే నాదని ఆపి ఉంచుకున్న, బల్ల దగ్గర, అన్నం తిన్నాక మిగిలిన ఇరవై నిమిషాల్లో నోటుపుస్తకంలో రాసేదాన్ని. అలా ఎనిమిదేళ్ళు రాశాను.

ఇంట్లో ఆవిడకు దొరసాని అని పేరు పడింది. "ఏంటి, ఇవాళ కూడా దొరసానితోనేనా?" అంటూ మావారు టీవీ గొంతు తగ్గించేవారు. అది ఆయన పద్ధతిలో సహకారం. నిజానికి ఆవిడలో దొరతనం ఏమీ లేదు. నాకు దొరికిన నాలుగు ముక్కలు అతికించి చూస్తే, ఉత్తర ఇంగ్లండులో బొగ్గు వ్యాపారి కూతురు. మొగుడు చెక్క మీద బొమ్మలు చెక్కే పనివాడు. చేతులు వణకడం మొదలై పని పోయింది, తర్వాత మంచాన పడ్డాడు. ఆరుగురు పిల్లలు, ఇద్దరు పోయారు. పొద్దుటి భోజనానికీ మధ్యాహ్నపు భోజనానికీ మధ్య బల్ల మీది గుడ్డ మడిచి పక్కన పెట్టి, అదే బల్ల మీద ఇరవైకి పైగా నవలలు రాసింది. ఇవాళ ఒక్కటీ అచ్చులో లేదు. మన దగ్గర ఆడవాళ్ళ నవలలు బాగా పోయే రోజుల్లో మగవాళ్ళు ఆడపేర్లు పెట్టుకుని రాశారు. ఆవిడ కాలంలో అక్కడ ఆడవాళ్ళు మగపేర్లు పెట్టుకున్నారు. మా దొరసాని ఆ మాత్రం నాటకం కూడా ఆడలేదు, మంచం మీదున్న మొగుడి పేరు వెనక నిలబడి రాసుకుంది.

అప్పటి నవలలు మూడు సంపుటాలుగా ఉండాలి. గుడివాడలో మా చిన్నప్పుడు రోజుకింత అని నవలలు అద్దెకిచ్చే షాపు ఉండేది. వాళ్ళకూ అలాంటివే పెద్ద పెద్ద లైబ్రరీలు. ఒకే నవల మూడు భాగాలైతే ఒకేసారి ముగ్గురికి అద్దెకివ్వొచ్చు. కథ ఉన్నా లేకపోయినా రాసేవాళ్ళు మూడు నింపాల్సిందే. ఆవిడ అలా నింపిన చోట్లు నేను ఇట్టే పట్టేస్తాను. పనిమనిషి పేరు ఒక అధ్యాయంలో ఒకటి, మూడు అధ్యాయాల తర్వాత ఇంకొకటి. ఒక పెద్దమనిషి టీకి వచ్చి హాల్లో కూర్చుంటాడు, పుస్తకం అయిపోయినా లేచి వెళ్ళడు. మర్చిపోయింది పాపం. వంటింట్లో ఏదో మాడి లేచి వెళ్ళుంటుంది, లేదా మొగుడు పైన మంచంలోంచి పిలిచుంటాడు. మంచి వాక్యాలు రాసినచోట ఆవిణ్ణి మెచ్చుకున్నాను గాని, ఆవిడ మీద ప్రేమ పుట్టింది మాత్రం ఈ తప్పుల దగ్గరే.

నవల కథ చిన్నది. సముద్రపు ఒడ్డున చిన్న ఊరు. మొగుడు వదిలేసి పరదేశం వెళ్ళిపోతే ఒకావిడ ఆడపిల్లలకు బడి పెట్టుకుని బతుకుతుంది. మూడో సంపుటంలో ఆ మొగుడు రోగిష్టిగా తిరిగొచ్చి, ఊరి చివర సత్రంలో దిగి, ఒక్కసారి రమ్మని ఉత్తరం పంపుతాడు. మొదటి, మూడో సంపుటాలు నాకు ఇంటర్నెట్లో స్కాన్ చేసిన కాపీలు దొరికాయి. మూడోదాంట్లో సరిగ్గా ఉత్తరం చేతికందిన చోట పదహారు పేజీలు లేవు. స్కాన్ చేసినవాళ్ళ తప్పు కాదు, ఆ ప్రతిలోనే కుట్టు ఊడి పోయినట్టున్నాయి. తర్వాతి పేజీకి వచ్చేసరికి మొగుణ్ణి పాతిపెట్టడం అయిపోయింది. ఆవిడ నల్లబట్టల్లో ఉంది. ఊళ్ళోవాళ్ళు ఎదురొచ్చి తలలు వంచి, చివరిదాకా ఆ మనిషిని కనిపెట్టుకుని ఉన్నావమ్మా అని మెచ్చుకుంటున్నారు. ఆవిడ మాట్లాడలేదు. పలకలు తుడుచుకోడానికి లోపలికి వెళ్ళిపోయింది.

ఇక్కడ నేను చేసిన పనిని నాలాంటి ఇంట్లో పెరిగినవాళ్ళే చేస్తారు. మా అమ్మ వారపత్రికల్లో సీరియళ్ళు కత్తిరించి దాచి, పూర్తయ్యాక బైండు చేయించేది. మధ్యలో ఏదో ఒక వారం పత్రిక వచ్చేది కాదు, లేదా పక్కింటివాళ్ళు తీసుకెళ్ళి దాని మీద చారు గిన్నె పెట్టి పాడుచేసి ఇచ్చేవాళ్ళు. అమ్మ దిగులు పడేది కాదు. ముందు వారం చదివి, తర్వాత వారం చదివి, ఆ మధ్య ఏం జరిగుంటుందో రూళ్ళ కాయితం మీద తనే రాసి, ఆ కాయితాలు కూడా లోపల పెట్టి బైండుకు ఇచ్చేది. మా వీధిలో ఆ పుస్తకాలు తీసుకెళ్ళి చదివినవాళ్ళు అమ్మ రాసిన వారం దగ్గర ఆగి ఒక్క ప్రశ్న వేసిన గుర్తు లేదు. నేనూ అదే చేశాను. ఇంగ్లండులో ఒక విశ్వవిద్యాలయం లైబ్రరీలో మంచి ప్రతి ఉందని తెలిసి, ఆ పేజీలు పంపమని రాశాను. నెలలు గడిచినా జవాబు రాలేదు. ఆ ఖాళీ నాకు పడలేదు. ఒక శని, ఆదివారాల సెలవుల్లో కూర్చుని ఆ అధ్యాయం నేనే రాసేశాను.

ఏం రాశానో చెప్పడానికి సిగ్గుగానే ఉంది. ఉత్తరం చదవగానే ఆవిడ శాలువా కప్పుకుని సత్రానికి పరుగెత్తింది. తన చేత్తో గంజి కాచింది. ఇంగ్లండు చలిలో, సముద్రపు ఒడ్డున, ఆ బడి పంతులమ్మ చేత గంజిలో మిరియాలు కూడా వేయించాను. అతని పాదాలు ఒత్తించాను. అతను కన్నీళ్ళతో క్షమించమన్నాడు, ఆవిడ అతని నోటి మీద చెయ్యి అడ్డం పెట్టింది. అతను ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని పోయాడు. రాస్తూ నేనే ఏడ్చాను. తర్వాతి అధ్యాయంలో ఊళ్ళోవాళ్ళు మెచ్చుకుంటే ఆవిడ మౌనంగా ఉండిపోయిన చోట, ‘వినయంగా’ అన్న మాట నేను చేర్చాను. మూలంలో అది లేదు.

నేను రాసిందంతా మొదట వినేది యీషున్‌లో ఉండే ఆంటీ. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి ఓడల యార్డులో పనికి వచ్చాడట, ఆవిడ ఇక్కడే పుట్టింది. తండ్రి నేర్పిన తెలుగు చదవడం వచ్చుగాని, చూపు మందగించింది. మా రైలు లైనులోనే ఆవిడ ఇల్లు, అందుకని ప్రతి శనివారం పొద్దున వెళ్ళి ఆ వారం రాసింది చదివి వినిపించేదాన్ని. ఆంటీకి ఇక్కడి తెలుగువాళ్ళలో గొప్ప పేరుంది. పక్షవాతంతో పడిపోయిన అంకుల్‌కి ఆరేళ్ళు సేవ చేసింది. నర్సుని పెట్టుకోలేదు, హోముకి పంపలేదు. ఆయన పోయినప్పుడు పక్కనే ఉంది. ఎవరింట్లో కోడలు విసుక్కున్నా, యీషున్ ఆంటీని చూసి నేర్చుకో అంటారు. నేనూ ఒకరిద్దరితో అన్నాను.

గంజి అధ్యాయం విని ఆంటీ ఏడ్చింది. మామూలుగా కాదు. కళ్ళజోడు తీసేసి, చీర చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని, భుజాలు అదిరేలా ఏడ్చింది. నేను పక్కన కూర్చుని వీపు నిమురుతూ, లోపల్లోపల పొంగిపోయాను. నా రాత ఒక మనిషిని ఇంతగా కదిలించగలదా అనుకున్నాను. పందొమ్మిదేళ్ళు మిషన్ల గురించి రాసిన దానికి ఆ మాత్రం ఆశ ఉండదూ. "ఇంక చాలమ్మా, ఇయ్యాల్టికి చాలు," అంది ఆంటీ. ఆ తర్వాత రెండు శనివారాలు ఒంట్లో బాగాలేదని రావద్దంది. నేను అనుమానించలేదు.

విజయవాడలో ఒక చిన్న ప్రచురణకర్త అచ్చు వేస్తానన్నాడు. ఫోన్ చేసి, "మేడమ్, సత్రం అధ్యాయం అద్భుతం. వెనక అట్ట మీద అందులోంచే నాలుగు లైన్లు వేద్దాం," అన్నాడు. ఎనిమిదేళ్ళలో నన్ను ఎవరైనా మెచ్చుకున్నది అదొక్కసారే, అదీ నేను దొంగతనంగా చేర్చిన పేజీలకు. నేను నోరు విప్పలేదు.

సరిగ్గా అప్పుడు ఇంగ్లండు లైబ్రరీ నుంచి జవాబొచ్చింది. ఆలస్యానికి మన్నించమంటూ పదహారు పేజీల ఫోటోలు. వాటిని బోనా విస్తా ప్లాట్‌ఫారం మీద నిలబడి చదివాను. రెండు రైళ్ళు వదిలేశాను.

అసలు అధ్యాయంలో ఆవిడ సత్రానికి వెళ్ళదు. మధ్యాహ్నం ఉత్తరం వస్తే చదివి, ఏప్రన్ జేబులో పెట్టుకుని, పిల్లలకు భూగోళం పాఠం పూర్తి చేస్తుంది. బడి వదిలాక డాక్టరును పంపే ఏర్పాటు చేస్తుంది, సత్రానికి సూప్ పంపుతుంది. టోపీ పెట్టుకుని రిబ్బను ముడి వేసుకుంటుంది, తీసేస్తుంది, మళ్ళీ పెట్టుకుంటుంది. ఒక్క నిమిషం కూర్చుని వెళ్దామని మెట్ల మీద కూర్చుని, టోపీతోనే నిద్రపోతుంది. ఆ నిద్రను దొరసాని మూడు పేజీలు రాసింది. ఆవిడ రాసిన దాంట్లో అంత మంచి మూడు పేజీలు ఇంకెక్కడా లేవు. సాయంత్రం సత్రం మనిషి తలుపు తట్టి, అయిపోయిందని చెబుతాడు. అప్పుడు వెళ్తుంది. ఊళ్ళోవాళ్ళు వచ్చేసరికి టోపీ తీయకుండా శవం పక్కన కూర్చుని ఉంటుంది. పగలంతా అక్కడే ఉందనుకుంటారు. ఆవిడ కాదని చెప్పదు.

నాకు కోపమొచ్చింది. ముందు దొరసాని మీద. మూడు సంపుటాలు నింపావు, ఆ మనిషిని ఒక్కసారి చూసి రానివ్వడానికి నీకేం పోయింది అనుకున్నాను. రెండో రైలు కూడా వెళ్ళిపోయాక ఆ కోపం నా మీదికి తిరిగింది. ఆ ఊళ్ళోవాళ్ళు చేసిన పొరపాటే నేనూ చేశాను. వాళ్ళు ఊహించుకుని ఊరుకున్నారు, నేను రాసి అచ్చుకు పంపాను. రెండు సంపుటాల పొడుగునా అలిసిపోయిన మనిషిని చూసి కూడా, కూర్చోనివ్వకుండా పొయ్యి దగ్గరికి తోలాను. ఎందుకంటే నేనైతే వెళ్తాను. పిలిస్తే వెళ్ళడం తప్ప ఇంకొకటి ఉందని నాకు తోచనే లేదు. మొగుడు మంచాన ఉండగా ఇరవై నవలలు రాసిన ఆవిడకు తోచింది. ఆవిడ భర్తను చివరిదాకా వదల్లేదని వాళ్ళ బంధువు ఒకాయన, చర్చి ఫాదరు, ఏడు పేజీల జీవితచరిత్రలో రాశాడు. ఆయన్ని నేను అప్పటిదాకా నమ్మాను.

ప్రచురణకర్తకు విషయం చెప్పాను. అసలు అధ్యాయం తెలుగు చేసి పంపాను కూడా. రెండు రోజుల తర్వాత ఫోన్ చేశాడు. "మేడమ్, చదివాను. నిజం చెప్పనా, ఇందులో ఏం జరగలేదు. పడుకుంది, లేచింది. మన పాఠకులు ఒప్పుకోరు. మీదే ఉంచేద్దాం. ఎవరు పోల్చి చూస్తారు?"

ఇంట్లో చెప్తే మా అమ్మాయి చెవిలోంచి ఇయర్‌ఫోన్ ఒకటి తీసి, "అమ్మా, జస్ట్ పుట్ యువర్ వన్ లా. హూ విల్ చెక్?" అంది.

మావారు కాస్త ఆలోచించి, "ముందు పుస్తకం రానీ. రెండో ముద్రణలో మార్చుకోవచ్చు," అన్నారు. మాకు రెండో ముద్రణ వస్తుందన్న ఆయన నమ్మకానికి ముచ్చటేసింది.

నేను ఒప్పేసుకునేదాన్నే. అంత విసిగిపోయి ఉన్నాను. ఎనిమిదేళ్ళు మోసిన బరువు, ఎక్కడో ఒకచోట దించితే చాలనిపించింది. కాకపోతే ఆ గంజి విని ఏడ్చిన ఆంటీకైనా నిజం చెప్పి దించుదామనుకున్నాను. ఆ శనివారం యీషున్ వెళ్ళాను.

"మకాన్ అయిందా?" అని ఆంటీ ఎప్పటిలాగే అడిగింది. తిన్నానని చెప్పాను. గంజి అధ్యాయం నేను కల్పించిందనీ, అసలుది దొరికిందనీ చెప్పాను. ఆవిడ చదవమన్నట్టు చెయ్యి ఊపింది. భయంభయంగానే చదివాను. ఆరేళ్ళు కనిపెట్టుకుని ఉన్న మనిషికి, వెళ్ళకుండా నిద్రపోయిన మనిషి కథ ఎలా నచ్చుతుంది? పూర్తయ్యాక తలెత్తి చూస్తే ఆంటీ ఏడవడం లేదు. కిటికీ వైపు చూస్తోంది.

"నువ్వు రాసిన దానికి నేనెందుకు ఏడ్చీసానో తెలుసా?" అంది.

"అంకుల్ గుర్తొచ్చి ఏడ్చారనుకున్నాను ఆంటీ."

"ఏటి గుర్తు. సిగ్గేసింది. ఆవేళ హాస్పిటల్నుంచి ఫోన్ వచ్చీసింది, తొందరగా రమ్మని. అన్నం వేళ దాటిపోనాది. చీర మార్చుకున్నాను, బ్యాగు పట్టుకుని కిందకి దిగాను. బస్ స్టాపుకి ముందు కాఫీ షాపు లేదూ? మీ గొరెంగ్ నూడిల్సు వేయిస్తున్నాడు. వాసనొచ్చింది. కూర్చుండిపోయాను. ఒక ప్లేటు చెప్పీసాను. వేడివేడిగా, కూర్చుని, ఎవరూ పిలవకుండా తినీసాను. ఆరేళ్ళలో అదే మొదలు. తింటే ఆగాలనిపించలేదమ్మా. ఒక తేతారిక్ టీ కూడా తాగాను. అప్పుడు బస్సెక్కాను."

ఆంటీ చీర చెంగుతో కళ్ళజోడు తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుని చెప్పింది.

"నేనెల్లేసరికి అయిపోనాది. ఇరవై నిమిషాలయిందని చెప్పింది నర్సు పిల్ల. పక్కన కూర్చున్నాను. మావాడు ఆఫీసునుంచి పరిగెట్టుకొచ్చి నన్ను చూసీసి, నాన్న ఒంటరిగా పోలేదు, అమ్మ ఉంది అనీసి గోడకి తల ఆన్చి ఏడ్చాడు. మరి నేనేటి చెప్పను? పదకొండేళ్ళయింది. అందరికీ వాడు అదే చెప్తాడు. చెప్పినప్పుడల్లా నాకు ఆ నూడిల్సు నోట్లోకొస్తాయి."

ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. యీషున్ ఆంటీని చూసి నేర్చుకో అని నేను ఎవరెవరితో అన్నానో వాళ్ళ మొహాలు గుర్తొచ్చాయి. ఆరేళ్ళు చేసిన చాకిరీ అంతా పక్కకు పోయి, ఒక్క ప్లేటు నూడిల్సు ఆవిణ్ణి పదకొండేళ్ళు తింటోంది. ఆ తినడంలో మేమందరం తలో చెయ్యి వేశాం.

"అంకుల్‌కి చెప్పుకున్నాను, ఫోటో ముందు," అంది ఆంటీ. "మావాడికి చెప్పలేను. నోరు రాదు. నువ్వొక పని చెయ్యి. వచ్చే శనివారం వాడుంటాడు. వాడికి తెలుగు చదవడం రాదుగాని వింటే తెలుసు. ఈ ముక్క వాడి ముందు చదువు."

"తర్వాత మీరు చెప్తారా?"

"తెలీదమ్మా. ముందు వాడేటంటాడో చూద్దాం."

తిరిగి వెళ్తూనే, సెంబవాంగ్ స్టేషన్ కూడా రాకముందు, రైల్లోంచి ప్రచురణకర్తకు మెసేజ్ పెట్టాను. వేస్తే ఆవిడ అధ్యాయంతోనే వేయండి, లేకపోతే నా ఫైలు వెనక్కి పంపేయండి అని. ‘వినయంగా’ అన్న మాట కూడా కొట్టేశాను. ఆయన చూద్దాం అని జవాబిచ్చాడు, ఇంకా చూస్తూనే ఉన్నాడు. ఆ పుస్తకం వస్తుందో రాదో నాకు తెలియదు. నిజం చెప్పాలంటే ఆ వారమంతా నేను పుస్తకం గురించి ఆలోచించలేదు. శనివారం గురించే ఆలోచించాను. ఆంటీ కొడుకు మంచివాడే. యాభై దాటిన మనిషి, బ్యాంకులో పెద్ద పని, తల్లంటే ప్రాణం. అదే నా భయం. తల్లిని దేవతను చేసి కూర్చోబెట్టినవాడు, వెళ్ళని ఆడదాని గురించి ఏమంటాడు? ఛీ అంటే ఆంటీ జన్మలో ఇక నోరు విప్పదు.

శనివారం అతను డైనింగ్ బల్ల దగ్గర ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. ఆంటీ సోఫాలో నా ఎదురుగా కూర్చుంది. "మా ఫ్రెండు కథ చదువుతాది, నువ్వూ విను," అంది. అతను సరే అన్నట్టు తలూపి ఫోన్ చూసుకోవడంలో పడ్డాడు. నేను మొదలుపెట్టాను. ఉత్తరం, భూగోళం పాఠం, సూప్, టోపీ. ఆవిడ టోపీ రెండోసారి పెట్టుకున్నప్పుడు ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. నేను తల ఎత్తలేదు. మెట్ల మీద నిద్ర మూడు పేజీలూ తడబడకుండా చదివాను. సత్రం మనిషి వచ్చి తలుపు తట్టాడు. అక్కడ ఆగాను.

"సో షీ డిడ్ంట్ గో?" అన్నాడు అతను.

"లేదు నాన్నా," అంది ఆంటీ. "వెళ్ళలేదు."

అతను కుర్చీ వెనక్కి జరుపుకుని, కళ్ళజోడు తీసి, కళ్ళు నులుముకున్నాడు. ఆంటీ రెండు చేతులూ ఒళ్ళో బిగించి పట్టుకుంది. నేను కాయితం వైపే చూస్తూ కూర్చున్నాను.

"పూర్ థింగ్," అన్నాడు. "షీ మస్ట్ బి సో టయర్డ్ లా."

ఆంటీ ఒళ్ళో బిగించిన చేతులు విప్పింది. కొడుకు మళ్ళీ ఫోన్ తీసుకోబోతూ ఆవిడ వైపు చూసి ఆగాడు.

"అవును నాన్నా," అంది ఆంటీ. "చాలా అలిసిపోనాది. ఇలా రా, నా దగ్గర కూర్చో. నీకొకటి చెప్పాలి."